బయటికి తెరుచుకునే తలుపు

పోయిన వారం ఈ పేజీలో నన్ను మా షెడ్డులో, ఒక తలుపు ముందు కూలబడి ఉండగా వదిలేశాను. ఆ తలుపు మా మూడో నంబరు గూటిది. ఇరవై రోజుల కిందట, మంచు తుఫానులో ఆ గూటిలో చిక్కుకున్న ముగ్గురిలో ఇద్దరు బతికి బయటపడ్డారు, మూడో మనిషి, ఒక లెక్కల మాస్టారు, చనిపోయారు. విచారణాధికారి ఆ తలుపు విప్పించి, కొలతలు తీయించి, తన ఆఫీసులో పెట్టుకునే చోటు లేదని మళ్ళీ మా షెడ్డుకే పంపాడు. దాని మీద కప్పిన టార్పాలిన్ నేను ఆదివారం పన్నెండింటికి తీశాను. తీసి చూస్తే బందులు, అంటే తలుపు తిరిగే కీళ్ళు, బయటివైపున ఉన్నాయి.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి ఇందులో గొడవేమిటో చెప్పాలి. కొండలెక్కేవాళ్ళు రాత్రిపూట తలదాచుకునే చిన్న గదుల్ని మేం గూళ్ళంటాం. వాటిని పలకలు పలకలుగా షెడ్డులో చేస్తాం. ఒక్కో పలకా ఒక మనిషి వీపు మీద మోసుకెళ్ళగలిగినంత బరువే ఉంటుంది. రెండు చెక్కరేకుల మధ్య పాత ఉన్నీ, రంపపు పొట్టూ కుదించి నింపుతాం. పైకెళ్ళాక సిమెంటు పొయ్యం, మేకు కొట్టం, అంతా మరలతో బిగిస్తాం. అక్కర్లేదనుకున్న రోజు విప్పి దింపేస్తే కొండ మీద మా ఆనవాలు కూడా ఉండదు. పదకొండేళ్ళు కూర్చుని గీసిన పని అది. అందులో నేను ఒక్కదాని గురించి మాత్రం ఎవరితోనూ బేరమాడలేదు. తలుపు లోపలికి తెరుచుకోవాలి. ఒక్క రాత్రి మంచు కురిస్తే తెల్లారేసరికి గుమ్మం ముందు నడుమెత్తు పేరుకుంటుంది. లోపలికి లాగే తలుపైతే లాగి, పార అందుకుని దారి చేసుకోవచ్చు. బయటికి నెట్టే తలుపైతే నలుగురు భుజాలు ఆనించినా కదలదు. ఇది పెద్ద సైన్సేం కాదు, మా షెడ్డులో చెక్క చిత్రిక పట్టేవాణ్ణి నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

మరి నేను లోపలికని గీసిన తలుపు బయటికి ఎలా తిరిగింది?

మేస్త్రి నా వెనకే నిలబడి ఉన్నాడు. నాన్న రోజుల నుంచీ ఉన్న మనిషి, నాకు రంపం పట్టుకోవడం నేర్పిన మనిషి. ఆయన్ని ఎప్పుడూ ఏకవచనంలో పిలవలేదు, గొంతెత్తి మాట్లాడలేదు. ఆ రోజు రెండూ చేశాను. కళ్ళు కనిపించడం లేదా, బుర్ర పనిచెయ్యడం లేదా, ఆరు గూళ్ళు నీ చేతుల మీదుగా వెళ్ళాయే, ఒక్కసారి వచ్చి అడగడానికి నోరు రాలేదా అని ఇష్టం వచ్చినట్టు దులిపేశాను. ఆయన లోపలికెళ్ళి ఫైలు తెచ్చి, ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టాడు.

"మీ సంతకం చూసే చేశానమ్మాయిగారూ. లేకపోతే నేను చేస్తానా?"

మా కంపెనీ కాగితమే. టైపు చేసి ఉంది. మూడో నంబరు నుంచి అన్ని గూళ్ళకీ తలుపు బయటికి తెరుచుకునేలా మార్చవలెను, మిగిలిన చోటులో రెండు పడకలు అదనంగా అమర్చవలెను. కింద నా సంతకం. ఎవరో నకలు కొట్టింది కాదు, నాదే. చివర నేను అలవాటుగా గీసే వంకర గీతతో సహా నాదే.

సంగతి అప్పుడు అర్థమైంది.

మా ఇంట్లో ఒక అలవాటుంది. వినేవాళ్ళకి పిచ్చిగా ఉంటుంది, మాకు మాత్రం అన్నం తిన్నంత మామూలు. నాన్న ఉన్నప్పుడు ఒకరు కొండ మీదుంటే ఒకరు ఊళ్ళో ఉండేవాళ్ళు. ఒక్క సంతకం కోసం వారం రోజులు పని ఆగిపోయేది. అందుకని ఏడాది మొదట్లో ఆయన ఒక పది తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టి మా చేతికిచ్చేవాడు. ఆయన పోయాక అన్నయ్యా నేనూ అదే చేస్తూ వచ్చాం. నావి పది వాడి సొరుగులో, వాడివి పది నా సొరుగులో. ఇన్నేళ్ళలో ఎవరం ఎవర్నీ ఏం రాశావని అడగలేదు. అడిగితే చిన్నతనం అనుకున్నాం. తోడబుట్టినవాళ్ళ మధ్య లెక్కలేమిటని గొప్పలు పోయాం. ఆ గొప్పే ఒక మనిషి ప్రాణం తీసింది.

నేను నా గదికి పరిగెత్తాను. నా సొరుగులో వాడి సంతకాలు తొమ్మిది ఉండాలి, ఒకటి ఏదో రవాణా అనుమతికి వాడాను. తొమ్మిదీ లేవు. సొరుగు తుడిచినట్టు ఖాళీగా ఉంది. అంటే తలుపు చూశాక నేను వాటిని వాడతానని వాడికి ముందే తెలుసు. అంతకుముందు దాకా నాలో ఒక మూల, పొరపాటు పడ్డాడేమో పాపం అన్న ఆశ ఉండేది. ఆ సొరుగు చూశాక అది కాస్తా పోయింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

అన్నయ్య గది అద్దాల గది. బయట పనివాళ్ళు కనిపించాలని వాడే వేయించుకున్నాడు. నేను తలుపు తోసుకుని వెళ్ళేసరికి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని ఏదో రాసుకుంటున్నాడు. కాగితం బల్ల మీద కొట్టాను. వాడు దాన్ని చదవలేదు, చదవక్కర్లేదు కదా. కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

వాడు చెప్పింది వాడి మాటల్లోనే చెప్తే అరగంట పడుతుంది, నేను కుదిస్తాను. లోపలికి తెరుచుకునే తలుపు తిరగడానికి లోపల చోటు కావాలి, ఆ చోటు రెండు పడకల్ని తినేస్తుంది. ఆరుగురి గూడు చేస్తామంటే ఆర్డరు వేరే వాళ్ళకి పోయేది, ఎనిమిది అంటేనే మనకి వచ్చింది. షెడ్డులో పద్నాలుగు కుటుంబాలు బతుకుతున్నాయి. పైగా ఆర్డరిచ్చిన వాళ్ళ ఇంజనీరే అన్నాడట, జనం ఉండే ఏ కట్టడానికైనా నిప్పంటుకుంటే పారిపోవడానికి తలుపు బయటికే ఉండాలని నిబంధన ఉందని. గూడు కొండకి వెళ్ళేముందు కోల్డ్ స్టోరేజీలో బిగించి, లోపల నేనే కూర్చుని పరీక్షిస్తాను; ఈసారి నేను కొండ మీద కొత్త చోట్లు చూస్తుంటే నా బదులు వాడు కూర్చున్నాడు. ఆరు గంటలున్నాడు. తలుపు చక్కగా తెరుచుకుంది, చెమ్మ కూడా పట్టలేదు.

"కోల్డ్ స్టోరేజీలో చలి ఉంటుంది, మంచు కురవదు," అన్నాను. "అక్కడ నీ తలుపుకి అడ్డం ఏముంది, గాలి తప్ప?"

"అంత మంచు ఆ ఎత్తులో పడదన్నారు."

"ఎవరన్నారు?"

వాడు కళ్ళజోడు కిందికి దించుకున్నాడు. నాకు ఒళ్ళు తెలియలేదు. నిప్పు నిబంధన అట, ఇదేమన్నా సినిమా హాలా? ఎనిమిదిమంది పడుకునే చెక్కపెట్టె, దాని చుట్టూ మంచు తప్ప మరోటి లేని చోటు. ఇరవై ఏళ్ళ నుంచి ఈ పని చేస్తూ, నాన్న పక్కన కూర్చుని నేర్చుకుని, ఒక అడ్డమైన ఇంజనీరు మాట పట్టుకున్నాడు, నన్ను ఒక్క మాట అడగలేదు. అదే అన్నాను. అప్పుడు వాడికీ కోపం వచ్చింది.

"అడిగితే ఒప్పుకుంటావా చిన్నీ? నువ్వు ఎప్పుడు దేనికి ఒప్పుకున్నావు? నీకు గీత ముఖ్యం. జీతాలు ఇవ్వాల్సింది నేను."

నిజం చెప్పాలంటే ఆ మాట తగిలింది. నేను మొండిదాన్నే, ముక్కు మీదే కోపం ఉన్నదాన్నే. కానీ నా మొండితనం ఎవర్నీ గదిలో పెట్టి తాళం వెయ్యలేదు.

ఆ గూటిలో ఏం జరిగిందో బతికొచ్చిన ఇద్దరూ చెప్పారు. మొదటి రోజంతా ముగ్గురూ తలుపుని నెట్టారు. రెండో రోజు స్టవ్వులో గ్యాసు అయిపోయింది. అప్పుడు మాస్టారు గోడలన్నీ తడిమి, మరలు ఎక్కడెక్కడున్నాయో లెక్కపెట్టి, వెనక పలక ఒక్కటి విప్పితే చాలని తేల్చారు. గాలివాలుకి ఆ పక్కన మంచు తక్కువుంటుందని కూడా ఆయనే చెప్పారు. నాణెంతో మరలు తిప్పారు, పదహారు మరలు. చేతి తొడుగులుంటే పట్టు దొరకదని తీసేసి, ఉత్త వేళ్ళతో తిప్పారు. చిన్నవాళ్ళిద్దర్నీ ముందు తోసి బయటికి పంపారు, చలికి కొయ్యబారిపోయి తాను దిగలేక లోపలే ఉండిపోయారు. వాళ్ళు మనుషుల్ని తీసుకుని తిరిగొచ్చేసరికి ఆయన లేరు. నేను గీసిన గూటిని నాకంటే బాగా అర్థం చేసుకున్న మనిషి అందులోనే చచ్చిపోయాడు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపు రాదు, పళ్ళు బిగుసుకుపోతాయి.

అసలు సంగతి అది కూడా కాదు. పోయినాయన్ని నేను తేలేను. కానీ అదే తలుపుతో ఇంకా ఐదు గూళ్ళు కొండ మీదున్నాయి, నాలుగు నుంచి ఎనిమిది దాకా. మధ్యాహ్నం నుంచి భారీగా మంచు పడుతుందని పొద్దుటి నుంచి రేడియోలో చెప్తూనే ఉన్నారు. నేను అక్కడే నిలబడి కొండ కింది కాపలా పోస్టుకి ఫోను చేశాను, అన్నయ్య కూడా వినాలని స్పీకరు పెట్టాను. గార్డు నాకు తెలిసినవాడే. పొద్దున మూడు జట్లు పైకెళ్ళాయని చెప్పాడు. మొత్తం పదకొండుమంది. మబ్బు దిగుతోందనీ, వాళ్ళు ఎలాగూ గూళ్ళల్లోనే ఆగుతారనీ, భయం లేదనీ ధైర్యం కూడా చెప్పాడు నాకు.

గూళ్ళల్లో ఆగితేనే భయం అని అతనికి ఎలా చెప్పాలో తెలియలేదు. గబగబా చెప్పాను, తలుపులు తప్పుగా ఉన్నాయి, ఐదూ ఖాళీ చేయించి జనాన్ని కిందికి దింపమని. అతను ఇబ్బందిగా నసిగాడు. నోటిమాట మీద ఒకసారి దారి మూస్తే తనకి నెల రోజులు ఉద్యోగం లేకుండా చేశారట. కొత్తగా ఎక్కేవాళ్ళని ఆపుతానన్నాడు. పైనున్నవాళ్ళని దింపాలంటే సహాయక బృందం కదలాలి, అది కదలాలంటే గూళ్ళు మూసేస్తున్నామని కంపెనీ ఉత్తరం కావాలి. ఒప్పందం ప్రకారం భాగస్వాములిద్దరి సంతకాలూ ఉండాలి.

"ఫోటో తీసి పంపినా చాలండి. మూడులోపు పంపండి. ఆ తర్వాత బృందం ఎక్కినా వెలుతురుండగా దిగలేరు."

అప్పుడు టైము ఒంటిగంటా పది. విచారణాధికారికి చేశాను, ఆదివారం, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఇంక చెయ్యడానికి ఎవరూ లేరు.

నేను కాగితం లాక్కుని నాలుగు ముక్కలు ఉత్తరం రాసి, సంతకం పెట్టి అన్నయ్య ముందుకి తోశాను. వాడు పెన్ను తీసుకోలేదు. సొరుగులోంచి ఇంకో కాగితం తీసి నా ముందు పెట్టాడు. ఇందాక రాసుకుంటున్నది అదే.

"దీన్ని నీ చేత్తో రాసివ్వు. రేపు పదకొండింటికి విచారణ. గీసిన మనిషి స్వయంగా రాసిన వాంగ్మూలమే కావాలంటున్నాడు అధికారి. అది రాస్తే ఇది పెడతాను."

చదివాను. తలుపు బయటికి ఉండాలన్నది నా నిర్ణయమే. డిజైనులో లోపం లేదు. లోపల ఉన్న పెద్దాయన గడియ వేసి, నిబంధనకి విరుద్ధంగా తలుపు పక్కనే స్టవ్వు వెలిగించడం వల్ల, ఆ ఆవిరికి గడియ గడ్డకట్టి ఉంటుంది.

దరిద్రం ఏమిటంటే, అది నమ్మేలా ఉంది. ఈ పని తెలిసినవాడు తప్ప అలాంటి అబద్ధం రాయలేడు. ఉత్త వేళ్ళతో పదహారు మరలు విప్పి ఇద్దర్ని బతికించిన మనిషిని, గడియ వేసుకుని చచ్చిన తెలివితక్కువవాణ్ణి చేస్తోంది. ఆయన కూతురు పెట్టిన ఫిర్యాదు మీదే ఈ విచారణంతా, ఆ అమ్మాయి మొహాన కొట్టడానికి నా చెయ్యి కావాల్సొచ్చింది వాడికి. తెల్లకాగితం మీది సంతకం ఈసారి పనికిరాలేదు, చేతిరాత కావాలి మరి.

నేను వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే ఈ పత్రిక వేసుకోదు. అద్దాల అవతల పనివాళ్ళెవరూ లేరు, సెలవు. మేస్త్రి ఒక్కడే గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. రేపు నేనొచ్చి సాక్ష్యం చెప్తాను అబ్బాయిగారూ అని ఏదో అనబోయాడు. బందులు తిప్పింది నీ చేతులే కదా, ముందు నిన్నే అడుగుతారు అన్నాడు అన్నయ్య, తలెత్తకుండా. మేస్త్రి చేతిలోని తువ్వాలు మెలిపెడుతూ వెనక్కి జరిగాడు.

"పైన పదకొండుమంది ఉన్నారురా," అన్నాను.

"నేనూ అదే అంటున్నాను. తొందరగా రాయి."

అంటూ వాడు గడియారం వైపు, ఫోను వైపు మార్చి మార్చి చూశాడు. అది గమనించాను. వాడు రాక్షసుడేం కాదు, భయపడిపోయిన మనిషి. కానీ వాడి భయానికి జాలిపడే ఓపిక నాకు లేదు. భయపడినవాడు పక్కవాణ్ణి ముందుకు తోస్తే ఆ తోపు తోపు కాకుండా పోతుందా?

ఒంటిగంటా నలభైకి పెన్ను తీసుకున్నాను. ఇలా చెయ్యనని, ప్రాణం పోయినా చెయ్యనని చెప్పే మనుషుల్ని నేను చాలామందిని చూశాను. ప్రాణం మనదైతే ఆ మాట అనడం తేలికే. పెద్దాయన గడియ వేసి అన్నచోట రెండుసార్లు ఆగాను. వాడు గడియారం చూపించాడు. రాశాను. సంతకం పెట్టాను, వంకర గీతతో సహా.

వాడు ఉత్తరం మీద సంతకం పెట్టాడు. ఫోటో తీసి పంపాను. రెండు దాటి ఐదు నిమిషాలకి గార్డు మళ్ళీ చేశాడు, బృందం బయల్దేరిందన్నాడు, ఆఖరివాళ్ళు దిగేసరికి సాయంత్రం అవుతుందన్నాడు. అన్నయ్య నా వాంగ్మూలం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నేను ఆ గదిలోంచి షెడ్డులోకి వచ్చేశాను, వెనకే మేస్త్రి వచ్చాడు.

షెడ్డులో తలుపు దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. గేటు తీసే ఉందని వచ్చేశానంది. ముప్ఫై ఏళ్ళుంటాయి, భుజాన సంచీ, కాళ్ళకి దుమ్ము, బస్సు దిగి నడిచొచ్చినట్టుంది. మాస్టారి కూతుర్నని చెప్పింది. నేను నమస్కారం కూడా పెట్టలేకపోయాను. రేపు విచారణలో పెద్దపెద్ద మాటలు మాట్లాడతారు, నాకు అర్థం కాకుండా పోతుంది, అందుకని ముందుగా ఒక్కసారి చూసుకుందామని వచ్చానంది. తర్వాత తలుపు మీద అరచెయ్యి ఆనించి, "ఇది ఎటు తెరుచుకుంటుందండీ?" అని అడిగింది.

"బయటికి," అన్నాను. "నేను లోపలికని గీశాను. మార్చేశారు. నా సంతకం మీదే మార్చారు, చూసుకోకపోవడం నా తప్పు. ఇప్పుడే లోపల కూర్చుని, మీ నాన్నగారే గడియ వేసుకున్నారని నా చేత్తో అబద్ధం రాసిచ్చాను. అది రాస్తే తప్ప పైనున్న పదకొండుమందిని దింపే కాగితం మీద మా అన్నయ్య సంతకం పెట్టనన్నాడు."

ఇంత సూటిగా చెప్పాలని నేననుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. ఆ అమ్మాయి తలుపు మీద చెయ్యి అలాగే జరుపుకుంటూ వెళ్ళి ఒక బందు మీద ఆపింది.

"మా నాన్నయితే సరేలే అనేవాడు, పదకొండు పెద్దది, ఒకటి చిన్నది అని," అంది. "నేను మా నాన్నని కాదు. నాకు ఆ కాగితం కావాలి."

వెనక అడుగుల చప్పుడైంది. అన్నయ్య ఎప్పుడొచ్చాడో, ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలీదు. ఒక చెయ్యి చొక్కా జేబు మీదుంది, రెండో చేతిలో ఫోను ఉంది. ఆ అమ్మాయి వైపు చూడకుండా నాతోనే మాట్లాడాడు. బృందం ఇంకా దారిలోనే ఉంది, పొరపాటున పంపాం, ఆ ఉత్తరం రద్దు అని ఒక్క మాట చెప్తే వెనక్కి తిరుగుతారు, ఈ కాగితం జోలికొచ్చి ఆ మాట నా చేత అనిపించకు అన్నాడు. అని, గార్డు నంబరు తీసి, వేలు దాని మీద పెట్టి నిలబడ్డాడు.

షెడ్డు గేటు ఇనుపది, పట్టాల మీద జరిగేది. అది మూసుకుంటున్న మోత విని ముగ్గురం తిరిగి చూశాం. మేస్త్రి గేటుని ఆ చివరి నుంచి ఈ చివరికి లాగి, గొళ్ళెం పెట్టి, నెమ్మదిగా నడిచి వచ్చి అన్నయ్యకి ఎదురుగా నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన మా ఇంటి మగవాళ్ళ ముందు భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకునే మాట్లాడేవాడు. ఇప్పుడు తియ్యలేదు.

"ఫోనూ, జేబులో కాగితం, రెండూ ఆ బల్ల మీద పెట్టండి, అబ్బాయిగారూ," అన్నాడు. "వాళ్ళంతా దిగేదాకా ఇక్కణ్ణించి ఎవరం కదలం."